పైథాన్‌లో స్ట్రింగుల లిస్టును సీఎస్‌వీగా రాయాలంటే ఏ దారి మేలు?

మా పిన్ని కూతురి పెళ్లికి శుభలేఖల మీద అతికించే అడ్రస్ స్టిక్కర్ల పని నేను తీసుకున్నాను. నాలుగు వందల పైచిలుకు ఇళ్లు. చుట్టాలు వాట్సాప్‌లో పంపిన అడ్రసులన్నీ పైథాన్‌లో లిస్టుగా చేర్చి, సీఎస్‌వీ ఫైలు (విలువల మధ్య కామాలు పెట్టి రాసే మామూలు టెక్స్ట్ పట్టిక) చేసి ప్రింటింగ్ షాపుకి పంపాను. స్టిక్కర్లు చేతికొచ్చాక చూస్తే తెనాలి మామయ్య ఇంటి నంబరు 4-58 ఉండాల్సిన చోట ఏప్రిల్-58 అని అచ్చయింది. మరికొన్నింటిలో పిన్‌కోడ్ ఉండాల్సిన చోట ఊరి పేరు పడి, అసలు పిన్‌కోడ్ కనిపించకుండా పోయింది. పెళ్లికి పట్టుమని మూడు వారాలు కూడా లేవు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ రెండు తప్పులూ ఒకే చోట పుట్టినవి కావు. పిన్‌కోడ్ తప్పు నేను ఫైలు రాసిన తీరులోనే ఉంది. ఇంటి నంబరు తప్పు మాత్రం ఫైలు తెరిచిన చోట జరిగింది, నా ఫైల్లో 4-58 అనే ఉంది. అప్పట్నుంచి ఎవరైనా “లిస్టును సీఎస్‌వీగా రాయాలి, ఏది వాడను?” అని అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: ఆ ఫైలును చివరికి ఎవరు తెరుస్తారు? ఇంకో ప్రోగ్రామా, ఎక్సెల్ ముందు కూర్చున్న మనిషా? ఇది తేలితే ఏది ఎంచుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

కామాలతో కలిపేసే పద్ధతి

అందరికీ మొదట తట్టేది ఇదే. లిస్టులోని స్ట్రింగులను జాయిన్‌తో కామాలు పెట్టి కలిపి, చివర కొత్త లైను గుర్తు తగిలించి, ఫైల్లోకి రాసేయడం. ఒక్క లైను కోడ్, ఏ మాడ్యూలూ అక్కర్లేదు. లిస్టులో ఉన్నవన్నీ మీరే పెట్టిన కోడ్ నంబర్లో, వారాల పేర్లో అయితే దీనితో ఇబ్బంది లేదు. మనుషులు టైపు చేసిన మాటలు వచ్చేసరికి మాత్రం ఇది నిలబడదు. నా స్టిక్కర్ల ఫైల్లో వరుస ఇలా పడింది:

పేరు,ఇంటి నంబరు,వీధి,పిన్‌కోడ్
సీత,4-58,రామాలయం వీధి, తెనాలి,522201

పైన నాలుగు కాలమ్‌లు, కింద ఐదు గడులు. వీధి పేరు తర్వాత అడ్రసులో ఉన్న మామూలు కామాను ఫైలు చదివేవాళ్లు కాలమ్ సరిహద్దు అనుకున్నారు. అందుకే పిన్‌కోడ్ గడిలోకి తెనాలి వచ్చి కూర్చుంది. సరైన వరుస ఇలా ఉండాలి:

సీత,4-58,"రామాలయం వీధి, తెనాలి",522201

కామా ఉన్న గడిని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. గడిలోనే డబుల్ కోట్స్ ఉంటే వాటిని రెండేసిగా రాయాలి. ఇంటి పేరు "శ్రీనిలయం" అని కోట్స్‌తో ఎవరైనా రాసి పంపితే, ఫైల్లో అది ఇలా మారుతుంది:

"ఇంటి పేరు ""శ్రీనిలయం"", రెండో అంతస్తు"

గడి మధ్యలో కొత్త లైను ఉంటే ఆ గడి మొత్తాన్నీ కోట్స్‌లో ఉంచాలి. వాట్సాప్ అడ్రసులు మూడు నాలుగు లైన్లలో వస్తాయి కాబట్టి ఇది అరుదైన విషయమేమీ కాదు. ఈ పద్ధతులన్నీ 2005 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రంలో రాసి ఉన్నాయి. సీఎస్‌వీ అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే వాడుకలో ఉంది. ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకుంటున్న దాన్ని ఆ పత్రం ఒక చోట కూర్చింది.

ఇవన్నీ చేత్తో కోడ్ రాసి సరిచేయొచ్చు కదా అనిపిస్తుంది. నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. కామాకి ఒక షరతు, కోట్స్‌కి ఒకటి, కొత్త లైనుకి ఇంకొకటి. అవన్నీ పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్‌లో ముందే ఉన్నాయి. ఇంకొందరు రీప్లేస్ పెట్టి కామాలన్నీ పీకేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అడ్రసులో కామా అవతలివాళ్లు రాసిన సమాచారంలో భాగం, దాన్ని మన సౌకర్యం కోసం తీసేసే హక్కు మనకు లేదు.

పైథాన్‌తో వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్

2003లో పైథాన్ 2.3తో పాటు ఈ మాడ్యూల్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు, పైథాన్ ఉన్న ప్రతి మెషీన్‌లో ఉంటుంది. లోపలి గుండెకాయ సీ భాషలో రాశారు కాబట్టి లక్షల వరుసలైనా చకచకా రాస్తుంది. స్ట్రింగుల లిస్టులకు నా మొదటి ఎంపిక ఇదే. వేరేది వాడడానికి గట్టి కారణం ఉంటే తప్ప దీన్ని దాటి వెళ్లను.

అయితే కొత్తవాళ్లు దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది. ఈ మాడ్యూల్‌లో ఫైలు రాసిపెట్టే రైటర్‌కి రెండు పనిముట్లు ఉన్నాయి. రైట్‌రో ఒక వరుస రాస్తుంది, రైట్‌రోస్ చాలా వరుసలు రాస్తుంది. రైట్‌రోకి మనం ఇచ్చేది గడుల లిస్టు. దానికి లిస్టు బదులు ఒట్టి స్ట్రింగు ఇస్తే అది తప్పు అని చెప్పదు. పైథాన్‌లో స్ట్రింగు కూడా అక్షరాల వరుసే కాబట్టి, ఒక్కో అక్షరాన్నీ ఒక్కో గడిగా రాసేస్తుంది. ఇంగ్లిష్ పేరైతే అక్షరాలు విడిపోతాయి. తెలుగులో ఇంకా ఘోరం. లక్ష్మి అనే పేరు ఇస్తే ఫైల్లో ఇలా వస్తుంది:

ల,క,్,ష,్,మ,ి

చూడ్డానికి రెండక్షరాలే అనిపించే పేరు ఏడు గడులైంది. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో పొల్లు, గుణింతపు గుర్తు, ఒత్తుగా కింద ఉన్న హల్లు అన్నీ దేనికదే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గుణింతాలు ఆధారం లేక చుక్కల సున్నాలకు వేలాడుతూ కనిపిస్తాయి. మీ ఫైలు అలా కనిపిస్తే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) పాడైందేమో అని గంటలు వెతక్కండి. లిస్టు ఇవ్వాల్సిన చోట స్ట్రింగు ఇచ్చారు, అంతే.

రైట్‌రోస్‌కి పేర్ల లిస్టును నేరుగా ఇచ్చినా ఇదే జరుగుతుంది. అది లిస్టులోని ఒక్కో అంశాన్నీ ఒక్కో వరుసగా తీసుకుంటుంది, ఆ అంశం స్ట్రింగు కావడంతో అక్షరాలుగా చీల్చేస్తుంది. అందుకని ముందు తేల్చుకోవాల్సింది, మీ పేర్లు అడ్డంగా ఒకే వరుసలో ఉండాలా, నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉండాలా అన్నది. అడ్డంగా కావాలంటే మొత్తం లిస్టును రైట్‌రోకి ఒక్కసారి ఇవ్వాలి. నిలువుగా కావాలంటే ప్రతి పేరునూ దాని చుట్టూ చదరపు బ్రాకెట్లు వేసి ఒంటరి లిస్టుగా మార్చి, ఆ లిస్టుల లిస్టును రైట్‌రోస్‌కి ఇవ్వాలి.

పేర్లు ఒక లిస్టులో, ఊళ్లు ఇంకో లిస్టులో, ఫోన్లు మూడోదాంట్లో ఉంటే పైథాన్‌లోని జిప్ ఫంక్షన్‌తో పక్కపక్కన చేర్చి రైట్‌రోస్‌కి ఇస్తే సరిపోతుంది. కానీ జిప్ అన్నిటికన్నా పొట్టి లిస్టు దగ్గరే ఆగిపోతుంది. పేర్లు వంద ఉండి ఫోన్లు తొంభై ఎనిమిదే ఉంటే చివరి ఇద్దరూ చప్పుడు లేకుండా మాయమవుతారు. పైథాన్ 3.10 నుంచి జిప్‌కి స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఉంది. దాన్ని ట్రూ చేస్తే పొడవులు తేడా వచ్చిన వెంటనే ఎర్రర్ ఇస్తుంది. ఖాళీలతో నింపి కొనసాగాలంటే ఇటర్‌టూల్స్‌లోని జిప్ లాంగెస్ట్ ఉంది. కానీ మధ్యలో ఒకరి ఫోను లేకపోతే ఆ తర్వాతి ఫోన్లన్నీ ఒక మెట్టు పైకి జరిగి వేరేవాళ్ల పేర్ల పక్కన పడతాయి. పొడవు సరిపోవడం వేరు, జతలు సరిపోవడం వేరు. నా మాట వింటే, విడివిడి లిస్టులు పెంచుకోకుండా మొదటి నుంచీ ఒక మనిషికి ఒక వరుసగా కట్టుకోండి.

ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ అనే ఆప్షన్‌కి ఖాళీ స్ట్రింగు ఇవ్వడం మరిచిపోవద్దు. సీఎస్‌వీ రైటర్ తన లైను ముగింపును తానే రాసుకుంటుంది. విండోస్‌లో ఫైలు కూడా ఆ ముగింపుకి ఇంకోటి చేరుస్తుంది. దాంతో ఎక్సెల్‌లో ప్రతి వరుస తర్వాత ఒక ఖాళీ వరుస కనిపిస్తుంది. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో రాసి టెస్ట్ చేసినవాళ్లకు ఇది కనబడదు, విండోస్ వాడే క్లయింటుకి కనబడుతుంది. ఎక్కడైనా సరే పెట్టేయండి, నష్టం లేదు. ఫైలును విత్ బ్లాకులో తెరవడం కూడా అలాంటిదే. మూయకుండా వదిలేస్తే చివరి కొన్ని వరుసలు బఫర్‌లో (మెమరీలోని తాత్కాలిక నిల్వలో) ఉండిపోయి డిస్కు మీదకు రాకపోవచ్చు. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఫైలు తెరిచి చూసి “ఖాళీగా ఉందేంటి” అని కంగారు పడేది అందుకే.

కోట్స్ ఎంత పెట్టాలి

ఏమీ చెప్పకపోతే మాడ్యూల్ కోట్ మినిమల్ పద్ధతిలో నడుస్తుంది, అంటే అవసరమైన గడులకే కోట్స్ వేస్తుంది. చాలా పనులకు ఇదే సరైనది. ఫైలు చిన్నగా ఉంటుంది, కంటితో చదవడానికి వీలుగా ఉంటుంది. కోట్ ఆల్ పెడితే ప్రతి గడికీ కోట్స్ వస్తాయి. ఫైలు తీసుకునే అవతలి సిస్టమ్ పాతదై, కొన్ని గడులకు ఉండి కొన్నిటికి లేకపోతే తికమక పడే రకమైతే ఇది వాడండి. కోట్ నన్ జోలికి మాత్రం కారణం లేకుండా వెళ్లకండి. కామా ఉన్న గడి రాగానే, ఎస్కేప్ అక్షరం ఏమిటో చెప్పకపోతే ఎర్రర్‌తో ఆగిపోతుంది.

స్ట్రింగులతో పనిచేసేవాళ్లకు పైథాన్ 3.12 మంచి కానుక ఇచ్చింది. మామూలుగా ఖాళీ స్ట్రింగూ, నన్ అనే శూన్య విలువా రెండూ ఫైల్లో ఒకేలా ఖాళీ గడిగా పడతాయి. “ఫోను లేదు అని చెప్పారు”, “ఫోను ఇంకా అడగలేదు” అనే రెండు వేర్వేరు సంగతులు ఒకటైపోతాయి. కొత్తగా వచ్చిన కోట్ స్ట్రింగ్స్ స్ట్రింగులన్నిటికీ కోట్స్ వేస్తుంది. కాబట్టి ఖాళీ స్ట్రింగు జంట కోట్స్‌గా, నన్ మాత్రం ఒట్టి ఖాళీగా పడి తేడా నిలుస్తుంది. కోట్ నాట్‌నల్ కూడా దాదాపు ఇదే పని, నన్ తప్ప మిగతా అన్నిటికీ కోట్స్. అయితే చదివే ప్రోగ్రామ్ కూడా ఆ తేడాను గుర్తించేదై ఉండాలి.

ఇంకో మాట. గడిలోనే లిస్టు పెడితే ఏమవుతుంది? ఒక మనిషికి రెండు ఫోన్లు ఉన్నాయని ఆ రెండింటి లిస్టునే గడిగా ఇస్తే, మాడ్యూల్ దాన్ని చదరపు బ్రాకెట్లు, సింగిల్ కోట్స్‌తో సహా ఒక స్ట్రింగుగా రాసేస్తుంది. తిరిగి చదివితే మీకు దొరికేది లిస్టు కాదు, లిస్టులా కనిపించే స్ట్రింగు. రెండు మూడు విలువలే అయితే మధ్యలో నిలువు గీత పెట్టి కలపడం నాకు నచ్చిన దారి, ఎందుకంటే ఫోను నంబర్లలో ఆ గీత రాదు. విలువలు ఎన్ని ఉంటాయో చెప్పలేకపోతే, ఒక్కో ఫోనుకీ ఒక్కో వరుస రాసి పేరును మళ్లీ మళ్లీ రాయడం మేలు. జాగా ఎక్కువ పట్టినా ఎవరైనా చదవగలరు.

డిక్ట్‌రైటర్ ఎప్పుడు

కాలమ్‌లు నాలుగు దాటితే నేను మామూలు రైటర్ వదిలి డిక్ట్‌రైటర్ తీసుకుంటాను. ఇందులో ప్రతి వరుసా ఒక డిక్షనరీ, అంటే కీ అనే పేరు, దాని విలువ జతలుగా ఉండేది. ఏ విలువ ఏ కాలమ్‌లోకి వెళ్లాలో స్థానం కాదు, పేరు నిర్ణయిస్తుంది. మధ్యలో కొత్త కాలమ్ చేర్చినా పాత కోడ్ గడులు పక్కకు జరగవు. కాలమ్‌ల పేర్లలో లేని కీ డిక్షనరీలో ఉంటే డిఫాల్ట్‌గా ఎర్రర్ ఇస్తుంది. స్పెల్లింగు తప్పులు అక్కడే పట్టుబడతాయి కాబట్టి దాన్ని ఇగ్నోర్‌కి మార్చకండి. హెడర్ తనంతట తాను రాయదు, రైట్ హెడర్ అని విడిగా పిలవాలి. మరిచిపోతే మొదటి మనిషి పేరే హెడర్ అయిపోతుంది.

పాండాస్, నంపై, పోలార్స్

డేటా పట్టికల లైబ్రరీ పాండాస్ అందరి నోటా నానుతుంది కాబట్టి నాలుగు పేర్లు రాయడానికి కూడా దాన్ని దింపేవాళ్లున్నారు. డేటా ముందే డేటాఫ్రేమ్‌లో (పాండాస్ పట్టికలో) ఉంటే, ఫిల్టర్ చేయడం, డూప్లికేట్లు తీయడం, రెండు టేబుళ్లు కలపడం లాంటి పని ఉంటే పాండాస్ వాడాల్సిందే. ఒట్టి లిస్టును ఫైల్లో పడేయడానికి మాత్రం అంత పెద్ద లైబ్రరీ అక్కర్లేదు. వేగం కోసం అనుకుంటే, డేటాఫ్రేమ్‌లోని టు సీఎస్‌వీ కూడా లోపల పైథాన్ సీఎస్‌వీ రైటర్‌నే వాడుకుంటుంది. రాసేటప్పుడు ఆ దారిలో అదనపు వేగం దొరకదు. చదివేటప్పుడు సంగతి వేరు, అక్కడ పాండాస్‌కి ఫైలును చదివి గడులుగా విడదీసే తనదైన పార్సర్ ఉంది.

పాండాస్‌లో రెండు జాగ్రత్తలు. మొదటిది ఇండెక్స్‌ని ఫాల్స్ చేయడం. చేయకపోతే ఎడమవైపు 0, 1, 2 అని పేరు లేని కాలమ్ ఒకటి చేరుతుంది. ఆ ఫైలును మళ్లీ చదివి మళ్లీ రాస్తే ఇంకో కాలమ్. ఎక్కడైనా అన్‌నేమ్డ్: 0 అనే కాలమ్ కనిపిస్తే ఎవరో ఇది మరిచారని అర్థం. రెండోది చదివేటప్పటి సంగతి. రీడ్ సీఎస్‌వీ అంకెల్లా కనిపించేవాటిని అంకెలుగా మార్చేస్తుంది. హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 కాస్తా 40 అవుతుంది, విజయవాడ 0866 కాస్తా 866. ఇంగ్లిష్‌లో ఎన్‌ఏ అని రాసి ఉన్న గడిని ఖాళీగా తీసుకుంటుంది. మీ డేటా అంతా స్ట్రింగులే అయితే చదివేటప్పుడు డీటైప్‌ని స్ట్రింగు అని, కీప్ డిఫాల్ట్ ఎన్‌ఏని ఫాల్స్ అని చెప్పండి.

నంపైలోని సేవ్‌టెక్స్ట్‌ను స్ట్రింగులకు వాడొద్దు. అది అంకెల కోసం పుట్టింది. ఫార్మాట్ మార్చకపోతే స్ట్రింగు ఇవ్వగానే ఎర్రర్. మార్చినా గడులకు కోట్స్ వేయదు. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే తెలుగు అక్షరం దగ్గర ఆగిపోయే ప్రమాదమూ ఉంది. హెడర్ ముందు హ్యాష్ గుర్తు కూడా చేరుస్తుంది.

రస్ట్ భాషలో రాసిన పోలార్స్ పెద్ద టేబుళ్ల మీద చాలా వేగంగా ఉంటుంది, మీరు ఇప్పటికే అందులో పనిచేస్తుంటే దాని రైట్ సీఎస్‌వీ హాయిగా వాడుకోండి. ఎక్సెల్ కోసం బీఓఎమ్ గుర్తు చేర్చే ఆప్షన్ అందులో విడిగా ఉంది. ఆ గుర్తు ఏమిటో ఇప్పుడు చెబుతాను.

తెలుగు అక్షరాలు పాడవకుండా

మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. విండోస్‌లో ఓపెన్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ ఆ మెషీన్ డిఫాల్ట్‌ను తీసుకుంటుంది, అది చాలాచోట్ల పడమటి యూరప్ అక్షరాల సీపీ1252. అందులో తెలుగు లేదు. కాబట్టి చార్‌మ్యాప్ అనే మాటతో ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగుతుంది. పైథాన్ 3.15 నుంచి, అన్ని భాషల అక్షరాలనూ రాయగల యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను డిఫాల్ట్ చేయాలని పెప్ 686 అనే పైథాన్ ప్రతిపాదన పత్రంలో నిర్ణయించారు. అయినా పాత వెర్షన్లు ఆఫీసుల్లో ఏళ్ల తరబడి ఉంటాయి. ఎన్‌కోడింగ్ మీరే రాయండి.

ఆ ఎర్రర్ వచ్చినప్పుడు ఎర్రర్స్ అనే ఆప్షన్‌కి ఇగ్నోర్ అని పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎర్రర్ పోతుంది నిజమే, దానితో పాటు తెలుగు అక్షరాలూ పోతాయి. రీప్లేస్ అని పెడితే ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం వస్తుంది. లక్ష్మి ఏడు ప్రశ్నార్థకాలు అవుతుంది. ఆ ఫైలు నుంచి పేరును మళ్లీ రాబట్టే మార్గం లేదు. ఒకళ్ల పేరు అంటే వాళ్ల గుర్తింపు. ప్రోగ్రామ్ ఆగిపోయినా పర్వాలేదు గానీ పేరు చెరిగిపోకూడదు.

ఇక ఎంచుకోవాల్సింది యూటీఎఫ్-8, యూటీఎఫ్-8-సిగ్ ఈ రెండిట్లో ఒకటి. రెండూ అక్షరాలను ఒకేలా రాస్తాయి, ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు. సిగ్ ఉన్నది మాత్రం ఫైలు మొదట్లో బీఓఎమ్ అనే మూడు బైట్ల గుర్తు పెడుతుంది. డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే, ఆ గుర్తును చూసే అది యూటీఎఫ్-8 అని తెలుసుకుంటుంది. గుర్తు లేకపోతే తెలుగు అంతా తలమీద గీత ఉన్న ఇంగ్లిష్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఇంకొన్ని చోట్ల ప్లస్ మైనస్ గుర్తు, ఇలా బారులు తీరి కనిపిస్తుంది. అలా కనిపించినా ఫైలు పాడైనట్టు కాదు, ఎక్సెల్ తప్పుగా చదువుతోంది అంతే. కానీ ఆ స్థితిలో సేవ్ నొక్కితే నిజంగానే పాడవుతుంది.

మరి ఎప్పుడూ సిగ్ పెట్టేస్తే పోలా? ప్రోగ్రామ్‌కి వెళ్లే ఫైలుకి పెట్టకండి. ఆ ఫైలును డిక్ట్‌రీడర్‌తో మామూలు యూటీఎఫ్-8గా చదివితే, కంటికి కనబడని ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకి అంటుకుంటుంది. ‘పేరు’ అనే కాలమ్ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, కోడ్ మాత్రం ‘పేరు’ అనే కీ లేదని మొరాయిస్తుంది. ప్రింట్ చేసి చూసినా తేడా తెలియదు. కాబట్టి ఎక్సెల్‌లో చూసే మనిషికైతే సిగ్, ప్రోగ్రామ్‌కైతే మామూలు యూటీఎఫ్-8.

4-58 ఏప్రిల్ ఎందుకైంది

స్టిక్కర్ల దగ్గరికి వస్తాను. షాపులో ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచారు. సీఎస్‌వీ గడిలో విలువ మాత్రమే ఉంటుంది, అది అంకెనా, తేదీనా, మాటనా అన్న సమాచారం ఉండదు. ఎక్సెల్ చూసి ఊహిస్తుంది. 4-58 దానికి 1958 ఏప్రిల్‌గా కనిపించింది. మన ఊళ్లలో ఇంటి నంబర్లన్నీ ఇలా గీతలతోనే ఉంటాయి కాబట్టి ఇది మనకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. మన సెట్టింగుల్లో 3-12 అంటే డిసెంబరు 3 అయిపోతుంది. హైదరాబాద్ పద్ధతిలోని 1-8-702 లాంటిది తేదీగా కుదరదు కాబట్టి బతికిపోతుంది, 1-8-70 మాత్రం 1970 ఆగస్టు అవుతుంది. జన్యు శాస్త్రవేత్తలకూ ఈ బాధ తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతుంటే, మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చేసింది.

తేదీలతోనే ఆగదు. 12 అంకెల ఆధార్ నంబరు 2.34ఈ+11 లాంటి రూపంలో కనిపిస్తుంది, దాన్ని అలాగే మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే అసలు అంకెలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే ఖచ్చితంగా దాచుకోగలదు, కాబట్టి 16 అంకెల అకౌంటు నంబరులో చివరి అంకె సున్నా అవుతుంది. డబ్బు పంపాల్సిన నంబరు విషయంలో ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

కోట్ ఆల్ పెడితే ఇది ఆగుతుందని చాలామంది నమ్ముతారు, నేనూ నమ్మాను. ఆగదు. ఎక్సెల్ కోట్స్ తీసేసి లోపలున్నదాన్ని మళ్లీ ఊహిస్తుంది. ముందు సింగిల్ కోట్ పెట్టడమూ పనిచేయదు, సీఎస్‌వీలో అది అక్షరంగానే కనిపిస్తుంది. లిబ్రె ఆఫీస్‌లో మాత్రం తెరిచేటప్పుడు వచ్చే విండోలో కోట్స్‌లో ఉన్న గడులను టెక్స్ట్‌గా తీసుకోమని టిక్ పెట్టొచ్చు. అక్కడ కోట్ ఆల్ నిజంగా పనికొస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు టెక్స్ట్‌ను అంకెలు, తేదీలుగా మార్చే టిక్ తీసేయాలి. ఎక్సెల్‌లో డేటా ట్యాబులోంచి ఇంపోర్ట్ చేసి ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని చెప్పాలి.

అవతలివాళ్లు ఇవేవీ చేయరని తెలిస్తే సీఎస్‌వీ ఇవ్వకండి. ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీతో ఎక్సెల్ సొంత ఫార్మాటైన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు రాయండి. అందులో స్ట్రింగుగా ఇచ్చిన 4-58 స్ట్రింగుగానే ఉంటుంది, తెలుగు గురించీ దిగులు ఉండదు. రెండోసారి స్టిక్కర్లకు నేను చేసింది అదే. ఈక్వల్ టు గుర్తుతో మొదలయ్యే స్ట్రింగును మాత్రం ఓపెన్‌పైఎక్సెల్ ఫార్ములాగా తీసుకుంటుంది, గమనించుకోండి. సీఎస్‌వీలో కూడా బయటివాళ్లు ఫారంలో నింపిన మాటలు =, +, -, @ గుర్తులతో మొదలైతే ఎక్సెల్ వాటిని ఫార్ములాగా నడిపే ప్రమాదం ఉంది. పబ్లిక్ ఫారం నుంచి వచ్చిన డేటాను ఎవరికైనా పంపేముందు ఇది చూడాల్సిందే.

జర్మనీలో ఉన్న తమ్ముడికో, ఫ్రాన్స్‌లో ఉన్న ఫ్రెండుకో పంపుతుంటే ఇంకో చిక్కు. అక్కడి సెట్టింగుల్లో ఎక్సెల్ కామా బదులు సెమికోలన్ ఆశిస్తుంది. మీ వరుసంతా ఒకే కాలమ్‌లో ముద్దగా పడుతుంది. రైటర్‌లో డిలిమిటర్‌ను (గడులను విడదీసే గుర్తును) సెమికోలన్‌గా మార్చి ఇవ్వండి.

ఏ పనికి ఏది

లాగ్ కోసమో, సొంత స్క్రిప్టుల మధ్య మాటలు మార్చుకోవడానికో అయితే సీఎస్‌వీ మాడ్యూల్, మామూలు యూటీఎఫ్-8, కోట్ మినిమల్. ఆఫీసులో తెలుగు పేర్లు చూసుకోవడానికి ఫైలు అడిగితే డిక్ట్‌రైటర్, యూటీఎఫ్-8-సిగ్. అదే ఫైల్లో ఇంటి నంబర్లు, ఆధార్, అకౌంటు నంబర్లు, ఎస్‌టీడీ కోడ్‌లు ఉంటే ఇంకేం ఆలోచించకుండా ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్. డేటా మెమరీలో పట్టనంత ఉంటే లిస్టు కట్టకుండా, వరుసలను ఒక్కొక్కటిగా అందించే జెనరేటర్‌ను రైట్‌రోస్‌కి ఇవ్వండి, అది ఒక్కో వరుసా తీసుకుంటూ రాసుకుపోతుంది. అయితే ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసల కన్నా ఎక్కువ పట్టవు, అంతకు మించినది మనిషికి ఎక్సెల్‌లో చూపించాలనుకోవద్దు. లిస్టులో లిస్టులు, వాటిలో డిక్షనరీలు ఉంటే జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్ మంచిది. ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది, లేకపోతే ప్రతి అక్షరం వెనక్కి వాలిన గీతతో మొదలయ్యే కోడ్‌గా మారుతుంది.

ఏది వాడినా, ఫైలు పంపేముందు నేను రెండు నిమిషాలు వెచ్చిస్తాను. రాసిన ఫైలును అదే సీఎస్‌వీ మాడ్యూల్‌తో తిరిగి చదివి, అసలు లిస్టుతో ఈక్వల్ అవునో కాదో ప్రోగ్రామ్‌తోనే పోలుస్తాను. ఎక్కడ తేడా ఉంటే ఆ వరుస నంబరు ప్రింటవుతుంది. ఆ పోలికకు ముందు లిస్టులో కావాలనే ఒక దొంగ వరుస చేరుస్తాను: కామా, డబుల్ కోట్స్, రెండు లైన్లు, లక్ష్మి, 040, 4-58 అన్నీ ఉన్న వరుస. అది చెక్కుచెదరకుండా తిరిగొస్తే, ఆ వరుస తీసేసి ఫైలు మళ్లీ రాసి, ఈసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి పది వరుసలు కంటితో చూస్తాను. ఎక్సెల్‌లో కాదు, ఎందుకంటే ఎక్సెల్ చూపించేది తన ఊహను. తర్వాత ఫైలుతో పాటు ఒక మెసేజ్ పెడతాను: “ఇంటి నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌గా ఇంపోర్ట్ చేయండి, డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు.”